కళ్లజోడు కాడ కింద పోయిన బేస్

పాత హెడ్‌ఫోన్స్ మార్చే టైమొచ్చిందని నాకు చెప్పింది నా చెవులు కాదు, నల్లటి పొట్టు. పని ముగించుకుని మొహం కడుక్కుందామని అద్దం ముందు నిలబడితే చెవుల చుట్టూ, మెడ మీద, జుట్టులో నల్లటి పొలుసులు అంటుకుని ఉండేవి. కుషన్ల మీది రెగ్జిన్ రెండేళ్లకే ఊడిపోవడం మొదలైంది. లోపలి స్పాంజి బయటికి వచ్చి చెవికి గరుకుగా తగిలేది. అయినా ఇంకో నాలుగు నెలలు వాటితోనే నెట్టుకొచ్చాను. కొత్తది కొనడమంటే మళ్లీ ఆ పేర్లు, ఆ అంకెలు, ఆ పోలికలు అన్నీ చదవాలి కదా అన్న బద్ధకం.

నా పని రికార్డింగులు విని టైపు చేయడం. ఇంటర్వ్యూలు, మీటింగులు, ప్రసంగాలు. రోజుకు ఆరేడు గంటలు హెడ్‌ఫోన్స్ తల మీదే ఉంటాయి. రాత్రి పాటలు కూడా వాటితోనే. ఇంకో ముక్క ఇప్పుడే చెప్పేస్తాను: నాకు కళ్లజోడు ఉంది. ఈ గొడవంతా దాని చుట్టూనే తిరిగింది. నాకు ఆ సంగతి తట్టడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

షోరూమ్‌కి వెళ్లినప్పుడు ఈసారి వైర్‌లెస్ తీసుకోవాలనే అనుకుని వెళ్లాను. నా ఫోనుకు హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు. 2016లో ఐఫోన్ 7తో యాపిల్ దాన్ని తీసేశాక మిగతావాళ్లూ ఒక్కొక్కరే అదే దారి పట్టారు. పైగా వైరు కాళ్లకు చుట్టుకోవడం, కుర్చీలోంచి లేస్తే హెడ్‌ఫోన్స్ మెడ పట్టి లాగడం, వీటితో విసిగిపోయి ఉన్నాను. రెండు మోడళ్లు చూపించారు. కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టి ఒకటి పెట్టుకున్నాను, పాట విన్నాను. తీసి రెండోది పెట్టుకున్నాను, అదే పాట విన్నాను. రెండోది పెట్టుకోగానే "ఇదీ సౌండంటే" అనిపించింది. గొంతు దగ్గరగా, డ్రమ్ములు గుండెల్లో కొట్టినట్టు. ఐదు నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది.

ఆ ఐదు నిమిషాల్లో నేను రెండు తప్పులు చేశాను. ఒకటి కళ్లజోడు తీయడం. రెండోది, ఆ రెండో దాని వాల్యూమ్ మొదటిదానికంటే ఎక్కువ ఉందని గమనించకపోవడం. ఇవి రెండూ తర్వాత తెలిశాయి.

మొదటి మూడు రోజులు గాల్లో తేలాను. నాయిస్ క్యాన్సిలేషన్ మొదటిసారి వాడేవాళ్లకు ఆ బటన్ నొక్కిన క్షణం మరిచిపోలేనిది. ఫ్యాను హోరు, బయట మోటారు మోత ఒక్కసారిగా దూరంగా జరిగిపోతాయి. మనుషుల మాటలు మాత్రం పోవు, కాస్త తగ్గుతాయి అంతే. ఆ టెక్నిక్ ఎక్కువగా పనిచేసేది ఒకే తీరుగా సాగే బొంగురు మోతల మీద. బయటి శబ్దాన్ని మైకుతో విని దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపల పుట్టిస్తారు, రెండూ కలిసి చెల్లిపోతాయి. కీచుగా ఉండే పైస్థాయి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క కుదరదు, అక్కడ కుషన్లే అడ్డుకోవాలి. రెండు రోజులు చెవుల్లో దిబ్బడ వేసినట్టు ఉండి తర్వాత అలవాటైపోయింది. కొందరికి అలవాటు కాదట, తలనొప్పి వస్తుందట. ఇది మాత్రం స్వయంగా పెట్టుకుని చూస్తేగానీ తేలదు.

నాలుగో రోజు దెబ్బ తగిలింది.

ఒక ఇంటర్వ్యూ టైపు చేసి, పంపే ముందు ఇంకోసారి వింటూ సరిచూస్తున్నాను. ఒక వాక్యం దగ్గర చేయి ఆగింది. ఆయన అన్నది "అసాధ్యమని మొదటి రోజే చెప్పాను" అని. నేను టైపు చేసింది "సాధ్యమని మొదటి రోజే చెప్పాను" అని. ఒక్క అక్షరం పోయింది, మనిషి మాట తలకిందులైంది. పరధ్యానంగా ఉన్నానేమో అనుకుని ఆ చోటు మళ్లీ వేశాను. ప్లే నొక్కగానే "సాధ్యమని" అనే వినిపించింది. రెండు సెకన్లు వెనక్కి జరిపి వేస్తే "అసాధ్యమని" అని స్పష్టంగా వినిపించింది.

విషయం ఏమిటంటే, నా పనిలో ఆడియో నిమిషానికి పదిసార్లు ఆగుతుంది, మొదలవుతుంది. కాలి పెడల్ నొక్కితే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఆ హెడ్‌ఫోన్స్ ఏమో కాసేపు శబ్దం రాకపోతే కునుకు తీస్తాయి. మళ్లీ ఆడియో రాగానే లేచి కూర్చోవడానికి సెకనులో చిన్న ముక్క పడుతుంది. ఆ ముక్కలో ఉన్న అక్షరం గోవిందా. పాటలు వినేవాళ్లకు ఇది జన్మలో తెలియదు, ఎందుకంటే పాట ఒకసారి మొదలైతే ఆగదు. నాకు మాత్రం ప్రతి వాక్యం మొదటి అక్షరం మీదా అనుమానం పట్టుకుంది. పాత ఫైళ్లలో ఎన్ని "అ"లు మింగేశానో అని రెండు రాత్రులు టెన్షన్‌తో మూడు రోజుల పనంతా మళ్లీ విన్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ ఉంది, పెడల్ నొక్కిన ప్రతిసారీ ఒక సెకను వెనక్కి వెళ్లి మొదలవుతుంది. అది పెట్టుకున్నాక కొంత నయం. కానీ ఆ సెకను రోజుకు ఎన్ని వందల సార్లో లెక్కేసుకోండి.

ఆ వారంలోనే రెండో ఫిర్యాదు. లాప్‌టాప్‌లో పాట వింటూ ఉండగా ఆన్‌లైన్ మీటింగ్‌లో చేరాను. అంతే, అప్పటిదాకా నిండుగా ఉన్న శబ్దం పాత టెలిఫోన్‌లోంచి వచ్చినట్టు ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టింది. మీటింగ్ అయిపోగానే మళ్లీ మామూలే. పీస్ పాడైందనుకుని మార్చుకొచ్చాను. కొత్త పీసూ అదే పని చేసింది. అప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు సౌండ్ మిక్సింగ్ పని చేస్తాడు. ఈ విషయం మొదటే వాడిని అడగకపోవడం నా పొగరు అని వాడి అభిప్రాయం.

"అక్కా, అది పాడవలేదు. బ్లూటూత్ పద్ధతే అంత" అన్నాడు.

వాడు చెప్పినదాని సారం ఇది. మామూలు బ్లూటూత్‌కు రెండు దారులు ఉంటాయి. ఒకటి పాటల దారి. అందులో శబ్దం ఒకవైపే వస్తుంది కాబట్టి మంచి క్వాలిటీలో, రెండు చెవులకూ విడివిడిగా వస్తుంది. రెండోది ఫోన్ కాల్ దారి. హెడ్‌ఫోన్స్‌లోని మైకు తెరుచుకోగానే లాప్‌టాప్ ఈ రెండో దారికి మారిపోతుంది. ఇందులో శబ్దం అటూ ఇటూ వెళ్లాలి కాబట్టి శాంప్లింగ్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) 16 కిలోహెర్ట్జ్‌కు, పాత పరికరాల్లోనైతే 8 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది, స్టీరియో కూడా పోతుంది. శాంప్లింగ్‌లో సగం మించిన పౌనఃపున్యం వినిపించదు. అంటే 8 ఉన్న చోట 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా కోత. స, శ, ష తేడాలు మనకు తెలిసేదే ఆ పైభాగంలో. ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి వచ్చింది. అందులో ఈ కోత బాగా తగ్గుతుంది, కానీ అటు లాప్‌టాప్‌లోనూ ఇటు హెడ్‌ఫోన్స్‌లోనూ అది ఉండాలి. నా లాప్‌టాప్‌లో లేదు.

"మరి ఇది డబ్బా మీద ఎందుకు రాయరురా?" అన్నాను.

"డబ్బా మీద ఎవరూ వాళ్ల బాధలు రాసుకోరక్కా."

దీనికి వాడు చెప్పిన మందు చాలా తేలిక. హెడ్‌ఫోన్స్ మైకు వాడొద్దు, లాప్‌టాప్ మైకునో, బల్ల మీద విడిగా ఇంకో మైకునో ఎంచుకో. అప్పుడు హెడ్‌ఫోన్స్ పాటల దారిలోనే ఉండిపోతాయి. నిజంగానే అలా చేశాక మీటింగుల్లో మనుషుల గొంతులు మనుషుల గొంతుల్లా వినిపించాయి. వైర్‌లెస్ వాడేవాళ్లు ఈ ఒక్క పని చేసినా సగం చికాకు తగ్గుతుంది.

కానీ ఆ మింగుడు సమస్యకు మందు లేదు. పని కోసం వైరే కావాలని అప్పుడే తేలిపోయింది. ఇక ఏ వైరు హెడ్‌ఫోన్స్ అన్నదే ప్రశ్న. తమ్ముడు తన దగ్గరున్న రెండు జతలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "నెల రోజులు నీ దగ్గరే ఉంచుకో. గంటలో తేల్చకు" అని వెళ్లిపోయాడు.

మొదటిది ఓపెన్ బ్యాక్. కప్పుల వెనక మూత ఉండదు, లోహపు జాలీ ఉంటుంది. లోపలి శబ్దం బయటికి, బయటి శబ్దం లోపలికి హాయిగా తిరుగుతుంటాయి. ఈ రకాన్ని మొదటగా జనంలోకి తెచ్చింది సెన్‌హైజర్, 1968లో హెచ్‌డి 414తో. పసుపుపచ్చ స్పాంజి కుషన్లతో ఉండే ఆ బొమ్మను చాలామంది చూసే ఉంటారు. తమ్ముడు తెచ్చినది 300 ఓమ్స్‌ది. చిన్న అడాప్టర్ పెట్టి ఫోనుకు తగిలిస్తే వాల్యూమ్ చివరికంటా పెంచినా పక్కగదిలోంచి వచ్చినట్టు పలచగా వినిపించింది.

ఈ ఓమ్స్ గోల ఇక్కడే ముగించేస్తాను. ఓమ్స్ అంటే ఇంపెడెన్స్‌కు, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్స్ చూపే అడ్డుకు, కొలత. అది ఎక్కువ ఉన్న హెడ్‌ఫోన్స్‌కు అదే శబ్దం రావాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. ఫోన్లు, చిన్న డాంగిళ్లు (అడాప్టర్లు) అంత ఇవ్వలేవు. దానికి విడిగా ఆంప్లిఫయర్ ఉండాలి. సెన్‌హైజర్ 1997లో తెచ్చిన హెచ్‌డి 600 కూడా 300 ఓమ్స్‌దే, స్టూడియోల్లోనూ ఇళ్లలోనూ దాన్ని ఆంప్లిఫయర్‌తో వాడుతారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అయితే 32, 80, 250 ఓమ్స్ అని మూడు రకాలుగా దొరుకుతుంది, పేరు ఒకటే. ఎవరో బాగుందన్నారని పేరు చూసి కొనేసి, ఇంటికొచ్చాక ఫోనుకు పెడితే గొంతు పెగలకపోవడానికి ఇదొక కారణం. ఓమ్స్ ఒక్కటే చూసినా చాలదు, పక్కన సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది, అది తక్కువైతే ఓమ్స్ తక్కువ ఉన్నా శబ్దం తక్కువే. ఆంప్లిఫయర్ కొనే ఉద్దేశం లేనివాళ్లు 80 లోపు ఓమ్స్, మంచి సెన్సిటివిటీ చూసుకుంటే చాలు.

తమ్ముడి చిన్న ఆంప్లిఫయర్ తెచ్చుకుని మళ్లీ విన్నాను. దాని గురించి ఎక్కువ చెప్పను, చెబితే అతిశయోక్తిలా ఉంటుంది. ఎప్పుడో విన్న రికార్డింగులో వయొలిన్ వాయించే ఆయన ఊపిరి పీల్చుకోవడం మొదటిసారి వినిపించింది. శబ్దం తల లోపల కాక తల చుట్టూ ఉన్నట్టుంది. చెవికి గాలి ఆడుతోంది, చెమట లేదు. ఒక్కటే ఇబ్బంది. అర్ధరాత్రి నేను వింటున్న పాటను పక్కన పడుకున్నవాళ్లు పల్లవితో సహా వినగలరు. పగలు పనిచేస్తుంటే ఫ్యాను చప్పుడు, వీధిలో మాటలు అన్నీ లోపలికి. పైగా నేను టైపు చేసే రికార్డింగుల్లో కొన్ని బయటికి వినిపించకూడనివి. పక్కన పెట్టేశాను, మనసు చంపుకుని.

రెండోది క్లోజ్‌డ్ బ్యాక్. 80 ఓమ్స్, చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తోనే చక్కగా నడుస్తోంది. మాటలు స్పష్టంగా ఉన్నాయి, మొదటి అక్షరం మింగడం లేదు. పనికి బంగారం. కానీ పాట పెడితే బేస్ (డ్రమ్ముల్లాంటి కింది స్థాయి శబ్దం) లేదు. ఊరికే తక్కువ కాదు, అసలు లేదు. ఎండుగడ్డి నమిలినట్టుంది. తమ్ముడికి చెబితే నమ్మలేదు. "అది బేస్ ఎక్కువని తిట్టుకునే మోడలక్కా, నీకు షోరూమ్‌వి విని విని చెవులు పాడయ్యాయి" అన్నాడు. కావచ్చు అనుకున్నాను. పది రోజులు ఈక్వలైజర్‌లో (ఏ స్థాయి శబ్దం ఎంత ఉండాలో సర్దే చోట) బేస్ గీతలు పెంచుతూ పోయాను. పెంచితే గొంతులు మసకబారాయి, డ్రమ్ములు మాత్రం రాలేదు.

ఒకరోజు రాత్రి కళ్లు మండుతుంటే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నాను. పాట నడుస్తోంది. ఒక్కసారిగా కింద ఏదో తలుపు తెరుచుకున్నట్టు బేస్ వచ్చేసింది. ఈక్వలైజర్ పెంచి ఉంది కదా, తల దిమ్మెక్కింది. ఏం నొక్కానో అని స్క్రీన్ చూశాను. ఏమీ నొక్కలేదు. కళ్లజోడు పెట్టుకున్నాను, బేస్ పోయింది. తీశాను, వచ్చింది. పిల్లలు లైటు స్విచ్చితో ఆడుకున్నట్టు పది పన్నెండు సార్లు తీసి పెట్టి తీసి పెట్టి చూశాను. తర్వాత కళ్లజోడుతోనే ఉండి రెండు కప్పులనూ అరచేతులతో తలకు అదిమాను. బేస్ తిరిగొచ్చింది. చేతులు వదిలితే మళ్లీ గడ్డి.

నా ఫ్రేము లావుపాటిది. చెవి మీదుగా వెళ్లే కాడ కుషన్‌ను పైకి ఎత్తి, ముందో పక్క వెనకో పక్క సన్నటి సందు మిగిలిస్తోంది. అగ్గిపుల్ల పట్టేంత. క్లోజ్‌డ్ హెడ్‌ఫోన్స్‌లో కప్పుకీ చెవికీ మధ్య ఉండే గాలి మూతబడి ఉండాలి. బేస్ అంటే ఆ గాలిని నెమ్మదిగా ఒత్తి వదలడమే. చిన్న సందు ఉన్నా ఆ ఒత్తిడి నిలవదు, తుస్సుమని బయటికి పోతుంది. మాటలు, తాళాల చప్పుళ్లు, పైస్థాయి శబ్దాలు సందును పట్టించుకోవు, నేరుగా చెవిలోకి వచ్చేస్తాయి. అందుకే నాకు పనిలో ఏ లోటూ తెలియలేదు, పాటలో మాత్రం నేల జారిపోయింది. దట్టమైన జుట్టు కుషన్ కిందికి వచ్చినా ఇదే జరుగుతుంది.

అప్పుడు వైర్‌లెస్‌ను మళ్లీ తీసి అదే పరీక్ష చేశాను. నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్‌లో ఉంటే కళ్లజోడు పెట్టినా తీసినా తేడా కొంచెమే. ఆఫ్ చేసి చూస్తే తేడా బాగా తెలిసింది. వాటి కప్పుల లోపల కూడా మైకు ఉంటుంది. చెవి దగ్గర వినిపిస్తున్నది విని, తగ్గిన బేస్‌ను కొన్ని మోడళ్లు అప్పటికప్పుడే సర్దేస్తాయి. వైరు ఉన్న మామూలు హెడ్‌ఫోన్స్‌కు ఆ తెలివి లేదు, వాటికి మన తలే గతి. షోరూమ్‌లో కళ్లజోడు తీసి వినడమంటే నాది కాని తలతో వినడమే.

ఈ సంగతి చెబితే తమ్ముడు మొదట పగలబడి నవ్వాడు. తర్వాత సీరియస్‌గా ఆదివారం వచ్చి కూర్చున్నాడు. "సరే, ఇప్పుడన్నా పద్ధతిగా పోల్చుదాం" అన్నాడు. వాడు పెట్టిన మొదటి షరతు వాల్యూమ్. ఏ రెండింటిని పోల్చాలన్నా ముందు రెండింట్లోనూ పింక్ నాయిస్ వేసి (జోరువాన చప్పుడులా ఉంటుంది) రెండూ ఒకే స్థాయిలో వినిపించేదాకా వాల్యూమ్ సర్దాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అది మనకు "ఎక్కువ శబ్దం" అనిపించదు, "మంచి శబ్దం" అనిపిస్తుంది. మన చెవికి తక్కువ వాల్యూమ్‌లో బేస్ సరిగా వినిపించదు కూడా. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. షోరూమ్‌లో నేను పడిపోయింది ఈ గుంటలోనే. వాల్యూమ్ సమానం చేసి వింటే నేను తీసుకోకుండా వదిలేసిన మొదటి మోడలే నాకు నచ్చి ఉండేదేమో.

తర్వాత నాకు కళ్లు మూయించి కోడెక్‌ల (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతుల) పరీక్ష పెట్టాడు. బ్లూటూత్ పాటను కుదించి పంపుతుందని, అందుకే వైరంత బాగుండదని నేను ఎక్కడెక్కడో చదివి గట్టిగా నమ్మి ఉన్నాను. అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు, ప్రతి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ ఉండే ఎస్‌బీసీలో సాధారణంగా పైపరిమితి 328, సోనీ వాళ్ల ఎల్‌డాక్‌లో 330, 660, 990 అని మూడు మెట్లు. ఫోన్ సెట్టింగుల్లో మార్చి మార్చి ఎల్‌డాక్ 330, 990 మధ్య పదిసార్లు అడిగాడు. ఆరు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా ఐదు వస్తాయి. నాకు బాగా తెలిసిన పాటల్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో నా స్థాయి అదీ. కళ్లజోడు ఉందా లేదా అన్నది మాత్రం పదికి పది చెప్పగలను, నిద్రలో లేపి అడిగినా. అప్పటినుంచి కోడెక్ పేర్ల గురించి పోట్లాడుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ముందు కుషన్ కింద వేలు పెట్టి చూసుకోండి నాయనా అనాలనిపిస్తుంది.

ఇక మిగిలింది కుషన్లు. 80 ఓమ్స్ జతను నా దగ్గరే ఉంచుకునేలా తమ్ముడితో మాట్లాడుకుని (వాడికి వేరేది కొనివ్వాల్సి వచ్చింది, ఆ కథ వేరు), రెగ్జిన్ కుషన్లు తీసి అదే కంపెనీ వెల్వెట్‌వి వేశాను. వెల్వెట్ మెత్తగా కాడ చుట్టూ సర్దుకుంటుంది, సందు మిగల్చదు. రెగ్జిన్‌తో కళ్లజోడు లేకుండా వచ్చినంత బేస్ వెల్వెట్‌తో రాదు, ఒక మెట్టు తక్కువే. కానీ కళ్లజోడు ఉన్నా లేకున్నా అంతే వస్తుంది, అదే నాకు కావలసింది. బయటి కంపెనీల కుషన్లు కూడా ఒక జత ప్రయత్నించాను. లావుగా, దిండుల్లా హాయిగా ఉన్నాయి, కానీ గొంతులన్నీ డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోయాయి. చెవికీ స్పీకరుకీ మధ్య దూరం మారితే శబ్దమే మారిపోతుందని అప్పుడు అర్థమైంది. కళ్లజోడు ఫ్రేము కూడా సన్నటి కాడలున్నదానికి మార్చాను. ఎలాగూ పవర్ మారింది.

వెల్వెట్‌తో మరో లాభం చెమట. రెగ్జిన్‌తో రెండు గంటలకు చెవి చుట్టూ తడి, దురద. వెల్వెట్‌కు దుమ్ము పడుతుంది, వెంట్రుకలు పడతాయి, రెండు వారాలకోసారి టేపు అంటించి లాగాలి. ఆ మాత్రం చాకిరీ చేయొచ్చు.

నొప్పి సంగతి చివరికి మిగిల్చాను, నిజానికి రోజూ బాధపెట్టింది అదే. మూడు చోట్ల మూడు రకాల నొప్పి. మొదటిది కణతల దగ్గర, కప్పులు కళ్లజోడు కాడను ఎముకకేసి నొక్కడం వల్ల. గంటన్నరకు మొదలయ్యేది. హెడ్‌బ్యాండ్‌ను రాత్రిళ్లు పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచాను, తల వెడల్పు కంటే ఒక వేలు ఎక్కువ. నాలుగైదు రాత్రులకు బిగువు సడలింది. లోపల ఉక్కు పట్టీ ఉన్నదానికే ఈ వైద్యం, ప్లాస్టిక్‌దైతే పుటుక్కుమంటుంది. మరీ సడలిస్తే మళ్లీ సందు, మళ్లీ బేస్ పోవడం. అందుకని ప్రతి ఉదయం పెట్టుకుని అదే పాటతో చూసుకునేదాన్ని. రెండోది నడినెత్తిన, బరువు ఒక్కచోటే పడటం వల్ల. 250 గ్రాములదానికీ దాదాపు 385 గ్రాములుండే యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ లాంటిదానికీ కాగితం మీద తేడా చిన్నదే. ఆరు గంటలు మోస్తే తెలుస్తుంది. బరువు ఎక్కువున్నా పైపట్టీ వెడల్పుగా ఉంటే తట్టుకోవచ్చు. మూడోది ఎవరూ చెప్పనిది: చెవి దొప్ప లోపలి గుడ్డకు తగలడం. కప్పు లోతు చాలకపోతే చెవి అంచు స్పీకరు మీది గుడ్డకు రాసుకుంటుంది. పది నిమిషాల్లో తెలియదు, గంటకు ఎర్రబడుతుంది, రెండు గంటలకు మంట. నా వైర్‌లెస్‌కున్న అసలు జబ్బు ఇదే. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఇదే చెబుతాను: పెట్టుకుని చెవి కదిపి చూడండి, లోపల ఏదైనా తగులుతుంటే దింపేయండి.

చెవి లోపల పెట్టుకునేవి కూడా చూశాను, కళ్లజోడు గొడవ ఉండదు కదా అని. రబ్బరు మొనల్లో చిన్నవి ఎడమ చెవికి, మధ్యవి కుడి చెవికి పట్టాయి. రెండు చెవులూ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. సరిగ్గా కూర్చుంటే బేస్ బ్రహ్మాండం, సందు ఉంటే ఇక్కడా గడ్డే. కానీ మూడు గంటల తర్వాత చెవి లోపల జిల. పనికి కుదరలేదు.

ఇప్పుడు బల్ల దగ్గర వైరు, నడకకి, ప్రయాణానికి వైర్‌లెస్. బయట మోత ఉన్నచోట నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే వాల్యూమ్ పెంచే పని ఉండదు, అది చెవికి మంచిదే. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వినేట్టయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నా పనిగంటలు సరిగ్గా అన్నే కాబట్టి ఆ అంకె బాగా గుర్తుండిపోయింది. వైర్‌లెస్‌లో బ్యాటరీకి ఒక ఆయుష్షు ఉంటుంది, అది అయిపోయిన రోజు స్పీకర్లు ఎంత బాగున్నా చాలావాటిని మార్చేయాల్సిందే. వైరుదానికి పోయేది వైరే.

అదీ నాకు పోయింది. మొన్న కుర్చీ వెనక్కి జరుపుతుంటే చక్రం వైరు మీదకి ఎక్కింది. కుడి చెవి మూగబోయింది. గుండె గుభేలుమంది కానీ, వైరు కప్పు దగ్గర ఊడి వచ్చే రకం. విప్పి కొత్తది తగిలించేసరికి మళ్లీ పలికింది. ఈసారి వైరును బల్ల అంచుకు ఎడమ వైపు క్లిప్పుతో పట్టించాను, కుర్చీ కుడి వైపునుంచే లేస్తున్నాను.